పసుపు నాటే కాలంలో వచ్చినవాళ్లు

హైదరాబాద్ నుంచి నాగపూర్ దారిలో కామారెడ్డి దాటితే రోడ్డుకు రెండు వైపులా రాతిగుట్టలు వెంట వస్తాయి. జూన్ నెల. తొలివానలు పడ్డాయి. దున్నిన చేలల్లో ఆడవాళ్లు వరుసగా వంగి విత్తనం పెడుతున్నారు. ఆ విత్తనం పసుపు. నేను వెళ్తున్న ఆర్మూర్, నిజామాబాద్ జిల్లాలో పసుపు మాట ఎత్తితే ముందుగా నోటికొచ్చే పేరు.

పసుపు వ్యాపారం చూడాలనుకునేవాళ్లు ఈ కాలంలో రారు. తవ్వకం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, బేరం అన్నీ జనవరిలో మొదలై వేసవి దాకా సాగుతాయి. నేను వేరే పని మీద బయలుదేరాను. అమెరికాలో, బ్రిటన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కాలేజీ సెలవుల్లో తాతల ఊళ్లకు వచ్చి, బడుల్లో సేవ చేస్తామని అడుగుతున్నారు. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడున్న మనల్ని అడుగుతున్నారు: "మావాడు నెలన్నర ఉంటాడు, ఏదైనా మంచి పని చూపించండి." ఆ మంచి పని ఏది? ఆర్మూర్ ప్రాంతం పరదేశం ఎరిగిన ప్రాంతం. ఇక్కడినుంచి 1970ల నుంచీ మనుషులు గల్ఫ్‌కు వెళ్తూనే ఉన్నారు. పరదేశం నుంచి వచ్చి ఇక్కడ సేవ చేసినవాళ్లూ ఉన్నారు. జవాబు దొరికితే ఇక్కడే దొరకాలనిపించింది.

ముందు డిచ్‌పల్లిలో ఆగాను. నిజామాబాద్‌కు ఇవతల, హైవే పక్కన ఉన్న ఊరు. ఇప్పుడు తెలంగాణ విశ్వవిద్యాలయం వల్ల అందరికీ తెలుసు. అంతకు తొంభై ఏళ్లకు పైగా ముందు నుంచే అక్కడ ఒక కుష్ఠు ఆసుపత్రి ఉంది. దాన్ని మొదలుపెట్టింది ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ. అబర్డీన్‌లో వైద్యం చదివి, పాదరీ అయిన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో మామూలు వైద్యం చేస్తుండగా, ఇళ్లనుంచి, ఊళ్లనుంచి వెళ్లగొట్టిన కుష్ఠు రోగులు ఆమె గడప దగ్గరికి రావడం మొదలైంది. వాళ్లను పంపించేయడానికి ఆమెకు మనసొప్పలేదు. పెట్టుకోవడానికి చోటు లేదు. అప్పుడు ముందుకు వచ్చినవారు నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్. ఆయన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచింది. కుష్ఠుకు మందు లేదని లోకం చేతులెత్తేసిన రోజుల్లో, చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే కొత్త పద్ధతిని ఆమె ఇక్కడ శ్రద్ధగా పాటించారు. 1923లో కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. 1932లో, ఈ దేశంలోనే, ఆమె కన్నుమూశారు.

ఆసుపత్రి ఆవరణలో పాత చెట్ల కింద నిలబడి నేను రెండు సంగతులు ఆలోచించాను. ఆమె సేవ చేద్దామని పథకం వేసుకుని కుష్ఠును ఎంచుకోలేదు. రోగులే ఆమె పనిని నిర్ణయించారు. రెండోది, ఊరి మనిషి ఒకరు తన సొమ్ము పెట్టకపోతే ఆమె దయ గడప దాటేది కాదు. బయటినుంచి వచ్చిన విద్య, ఇక్కడి అవసరం, ఇక్కడి డబ్బు కలిశాయి. అందుకే అది నిలబడింది. ఆ తరువాత ఆర్మూర్ చుట్టుపక్కల నేను ఏం చూసినా ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటైంది.

నిజామాబాద్ నుంచి ఆర్మూర్ వెళ్లే రోడ్డు మీద, ఆర్మూర్‌కు కాస్త ముందు అంకాపూర్ వస్తుంది. హైదరాబాద్ వాళ్లకు ఈ పేరు నాటుకోడి కూరతో తెలుసు. ఫోను చేసి చెబితే కోడి కోసి, వండి, అన్నంతో సహా కట్టి ఇచ్చే ఇళ్లు ఇక్కడ వరుసగా ఉన్నాయి. రైతులకు మాత్రం ఇది విత్తనాల ఊరు. జొన్న, సజ్జ, మక్క విత్తనం పండించి, శుద్ధి చేసి ఉత్తరాది రాష్ట్రాలకు పంపే యూనిట్లు ఊరి చుట్టూ ఉన్నాయి. రోడ్డు పక్క మార్కెట్‌లో తూకం, బేరం, డబ్బు లెక్క అన్నీ ఆడవాళ్ల చేతుల్లో నడుస్తాయి. మక్క కంకుల కుప్పల వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ నోటు విప్పి చిల్లర లెక్కపెట్టిన వేగం చూస్తే ముచ్చటేసింది.

ఈ ప్రాంతంలో ఊరి పనుల సంగతి ఎవరిని అడిగినా "వీడీసీ" అంటారు. గ్రామాభివృద్ధి కమిటీ. పంచాయతీకి దీనికి సంబంధం లేదు. కులానికి కొందరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. వేలంపాటల ద్వారా, ఇంటింటి వసూళ్ల ద్వారా డబ్బు పోగవుతుంది. ఆ డబ్బుతో గుడి కడతారు, బడికి గదులు వేస్తారు, చెరువు తూము బాగుచేస్తారు. సర్కారు మంజూరు కోసం చూస్తూ కూర్చోని ఊళ్లు ఇవి. దీనికి మరో ముఖం కూడా ఉంది. చట్టంలో లేని ఈ కమిటీలు కొన్ని ఊళ్లలో జరిమానాలు వేశాయి, మాట వినని కుటుంబాలను, కులాలను వెలివేశాయి, పోలీసు కేసుల దాకా వెళ్లాయి. ఆ తప్పును ఏ మంచి పనీ మాఫీ చేయదు. అయినా బయటినుంచి సేవకు వచ్చేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని రావాలి. ఇవి చేతకాని ఊళ్లు కావు. తమ బడికి ఏం కావాలో తామే కూర్చుని తేల్చుకోవడం తెలిసిన ఊళ్లు.

ఆ కూడిక బలం ఎంతో దేశం ఒకసారి చూసింది. 2019 ఫిబ్రవరిలో పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని రైతులు ఆర్మూర్ దగ్గర రోడ్డెక్కారు. వినేవాళ్లు కరువయ్యారు. లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. నిజామాబాద్ స్థానానికి 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు కలిపి పెట్టాల్సి వచ్చింది. పసుపు బోర్డు అనే మాట ఆ తరువాత ఢిల్లీలో ఎవరూ మరిచిపోలేదు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వచ్చింది. 2025 జనవరి 14న సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది.

ఆర్మూర్ రెండు జాతీయ రహదారుల కూడలి. హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు పోయే 44, నిజామాబాద్ నుంచి జగిత్యాల, మంచిర్యాల మీదుగా జగ్దల్‌పూర్ పోయే 63 ఇక్కడ కలుసుకుంటాయి. అందుకే లారీలు, విత్తన కంపెనీల గోదాములు, ట్రాక్టర్ల షోరూములు, గల్ఫ్ టికెట్లు అమ్మే ట్రావెల్స్ దుకాణాలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఊరి నడుమ సిద్ధులగుట్ట. నవనాథ సిద్ధేశ్వరుడి గుడికి రాళ్ల సందుల్లోంచి ఎక్కాలి. పైనుంచి చూస్తే పెర్కిట్, మామిడిపల్లి ఆర్మూర్‌లో కలిసిపోయి ఒకటే పట్నంగా కనిపిస్తాయి, దాని అంచుల నుంచే ఎర్రని చేలు మొదలవుతాయి. ఉత్తరాన గోదావరి, దాని మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్. 1963 జులైలో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు.

నేను చూడాలనుకున్న బడి ఆర్మూర్‌కు దగ్గరి ఒక ఊళ్లో ఉంది. అక్కడ చదివే పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని ఊరి పేరు రాయడం లేదు. తెలంగాణ బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. బడిబాట పేరుతో టీచర్లు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించే రోజులవి. అమెరికా కాలేజీలకు మే నుంచి ఆగస్టు దాకా సెలవులు. కాబట్టి అక్కడి వేసవిలో వచ్చేవాళ్లకు ఇక్కడ బడి నడిచే రోజులు జూన్ నడిమి నుంచి మాత్రమే దొరుకుతాయి. మేలో వచ్చినవాళ్లకు తాళం వేసిన గేటే ఎదురవుతుంది. ఈ చిన్న సంగతి తెలియక టికెట్లు కొనుక్కునేవాళ్లు ఎందరో.

బడి వరండాలో ఐదో తరగతి పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో న్యూజెర్సీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయి. అమ్మమ్మ ఊరు ఇదే. పిల్లలు "అమెరికా అక్క" అని పిలుస్తున్నారు. ఆమె చేతిలో పాఠ్యపుస్తకం. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో అదే పాఠం మరో భాష. 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చినప్పుడు ఇలాంటి రెండు భాషల పుస్తకాలు అచ్చువేశారు. ఒక పిల్ల ఇంగ్లీషు వాక్యం చదువుతుంది. అమ్మాయి వింటుంది, తప్పు పట్టదు, తాను ఒకసారి చదివి వినిపిస్తుంది. ఆ పిల్ల మళ్లీ చదువుతుంది. తరువాత తెలుగు పేజీ తిప్పుతారు. ఇప్పుడు పిల్లలు టీచర్లు, అమ్మాయి విద్యార్థి. ఆమె "ళ" పలకలేక తడబడితే ఇరవై గొంతులు ఒక్కసారిగా సరిచేస్తాయి.

హెడ్ మేడమ్‌ను అడిగాను, ఈ పని ఎవరి ఆలోచన అని.

"మాదే సార్. అమ్మాయి వచ్చిన రోజు గోడలకు రంగులేస్తానన్నది. మనసు మంచిదే. కానీ రంగులేసేటోళ్లు మా ఊళ్లనే ఉన్నరు, వాళ్లకు కూలి దొరుకుతది. మా పిల్లలకు కరువైంది ఏందంటే, వాళ్లు ఇంగ్లీషుల చదువుతుంటే ఓపికగ వినేటోళ్లు. నాకు ఐదు తరగతులు, ఇద్దరం టీచర్లం. ఒక్కొక్క పిల్లను కూసోబెట్టి వినే టైము మాకు ఎక్కడిది? అందుకని నీకు ఇదే పని అని చెప్పిన."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. పని తెలిసిన మనిషి పని పంచిపెట్టినట్టు చెప్పింది. తెలంగాణలో 2022 ఆగస్టు నుంచి నడుస్తున్న తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశం కూడా ఇదే: ప్రాథమిక తరగతుల పిల్లలు తడుముకోకుండా చదవాలి, రాయాలి, చిన్న లెక్కలు చేయాలి. దానికి ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో విడివిడిగా చూడాలి. అమెరికా అమ్మాయి చేస్తున్నది ఆ చూడటంలో ఒక భాగం. ఒక నోటు పుస్తకంలో ప్రతి పిల్ల పేరు ఎదురుగా, ఏ రోజు ఏ పేజీ చదివింది, ఎక్కడ ఆగింది అని తెలుగులో రాస్తోంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. తాను వెళ్లిపోయాక టీచర్లకు పనికిరావాలని తెలుగులోనే రాస్తోందని చెప్పింది. ఆ పుస్తకాన్ని నేను గౌరవంతో పట్టుకున్నాను.

బడి వెనక గదిలో సుత్తి చప్పుడు. వెళ్లి చూస్తే నలభై దాటిన ఒకాయన గోడకు పైపు బిగిస్తున్నాడు. కాలిన పాత వైర్లు కింద కుప్పగా పడున్నాయి. ఆయన మస్కట్‌లో ఎలక్ట్రీషియన్. రెండేళ్లకు ఒకసారి వచ్చే ఛుట్టీలో ఇంటికి వచ్చాడు. ఇద్దరు పిల్లల్లో చిన్నది ఇదే బడిలో చదువుతోంది.

"వీడీసీ పెద్దమనుషులు సామాను కొనిచ్చిండ్రు. మజూరీ నేను తీసుకోలే. అక్కడ పదంతస్తుల బిల్డింగులకు వైరింగ్ చేస్తం, ఇక్కడ నా బిడ్డ కూసునే గదిల ఫ్యాను తిరగకపాయె. చెయ్యకుంటే ఎట్ల?"

గల్ఫ్ దేశాలన్నిటినీ ఇక్కడ "దుబాయి" అనే అంటారు. ఆర్మూర్, బాల్కొండ, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుంచి తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ కార్మికులు, ఇనుము కట్టేవాళ్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు యాభై ఏళ్లుగా అక్కడికి వెళ్తున్నారు. దుబాయి, దోహా, రియాద్ కట్టినవాళ్లలో వీళ్లున్నారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టి, పొలం చూసుకుని సంసారం లాక్కొస్తారు. ఇటుక పేర్చడం, సిమెంటు కలపడం ఇంత బాగా తెలిసిన జిల్లాకు ఇటుకలు మోయడానికి బయటినుంచి మనుషులు అక్కర్లేదు. పరదేశం నుంచి సెలవుల్లో వచ్చి ఈ బడికి మేలు చేసేవాళ్లలో మొదటి పేర్లు రాయాల్సి వస్తే ఆ ఎలక్ట్రీషియన్ పేరు రాస్తాను. ఇలాంటివాళ్ల పనికి సర్టిఫికెట్లు ఉండవు. ఛుట్టీ అయిపోగానే విమానం ఎక్కుతారు. మళ్లీ ఛుట్టీకి వచ్చినప్పుడు ఆ ఫ్యాను ఎలా తిరుగుతోందో చూస్తారు. మళ్లీ రావడం, చేసిన పనిని చూసుకోవడం, పాడైతే బాగుచేయడం. సేవకు ఇంతకంటే మంచి కొలత నాకు కనబడలేదు.

పరదేశం వెళ్లి సేవ చేసే శిబిరాల ఆలోచన మొదటి ప్రపంచయుద్ధం బూడిదలోంచి పుట్టింది. స్విట్జర్లాండ్ ఇంజినీరు పియర్ సెరెసోల్ 1920లో ఫ్రాన్సులో వెర్దాఁ దగ్గర ఎస్న్ అనే ఊళ్లో, కూలిపోయిన ఇళ్లను తిరిగి కట్టడానికి కొందరిని కూడగట్టాడు. వాళ్లలో జర్మన్లూ ఉన్నారు. ఉద్దేశం ఎంత గొప్పదైనా, యుద్ధంలో దెబ్బతిన్న ఆ ఊరివాళ్లు జర్మన్లను భరించే స్థితిలో లేరు. కొన్ని నెలలకే శిబిరం ఎత్తేయాల్సి వచ్చింది. ఊరు అడగని సేవ ఎంత మంచిదైనా నిలవదని ఆ ఉద్యమం తొలి శిబిరంలోనే తెలుసుకుంది. 1934లో బిహార్ భూకంపం తరువాత అదే సెరెసోల్ భారతదేశానికి వచ్చాడు. ఈసారి రాజేంద్రప్రసాద్ వంటివారి సహకారంతో, ముజఫర్‌పూర్ ప్రాంతంలో వరద ముంపుకు గురవుతున్న పల్లెలను మెరక మీద కొత్తగా కట్టే పనిలో స్థానికులతో కలిసి పాల్గొన్నాడు. ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉన్నాడు. ఆ పని పూర్తయింది.

అమెరికా పీస్ కోర్ 1961లో మొదలై ఆ ఏడాదే మన దేశానికి తన మనుషులను పంపింది. 1976 దాకా వాళ్లు వస్తూ ఉండేవారు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ కార్టర్ అరవై ఎనిమిదో ఏట ఆ బృందంలో బొంబాయి దగ్గర విక్రోలీకి వచ్చి నర్సుగా పనిచేసింది. ఆ పథకంలో ఒక్కొక్కరి గడువు రెండేళ్లు. మన తెలుగునేల మీద మరీ దగ్గరి ఉదాహరణ విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్ నుంచి వచ్చి, మహారాష్ట్రలో పనిచేసి, 1969లో అనంతపురం చేరాడు. గ్రామీణాభివృద్ధి ట్రస్టు స్థాపించి బావులు, బడులు, ఇళ్లు, ఆసుపత్రులు నిర్మించాడు. 2009లో అక్కడే కన్నుమూశాడు. నలభై ఏళ్లు. మనవైపు జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) 1969 సెప్టెంబరు 24న మొదలైంది. ఎన్ఎస్ఎస్ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరానికి వెళ్లాలి. ఆర్మూర్ కాలేజీల పిల్లలకూ ఇదే లెక్క. ఏడు రోజుల శిబిరం నుంచి నలభై ఏళ్ల జీవితం దాకా ఇన్ని కొలతలున్నాయి. నెలన్నర తక్కువ కాదు, ఎక్కువా కాదు. ఆ నెలన్నర దేనికి ముడిపడి ఉందన్నదే లెక్కలోకి వస్తుంది.

సాయంత్రం బడి వదిలాక అమ్మాయి, నేను, ఆమె అమ్మమ్మ ఊరి బయటి చేను దగ్గరికి వెళ్లాం. కూలివాళ్లు చివరి సాళ్లు పూర్తి చేస్తున్నారు. మొలక తీసిన పసుపు కొమ్ములను జానెడు దూరంలో ఒకటి చొప్పున పెట్టి మట్టి కప్పుతున్నారు. మధ్యలో మక్క గింజలు వేస్తారు. మక్క ముందుగా చేతికొస్తుంది, పసుపు ఏడు నుంచి తొమ్మిది నెలలు నేలలోనే ఉంటుంది. జనవరి నుంచి తవ్వి, కొమ్ములను గోళలను వేరుచేసి, బాయిలర్లలో ఉడకబెట్టి, కల్లాల్లో పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెడతారు. నూరు కిలోల పచ్చి పసుపు ఎండేసరికి ఇరవై కిలోలకు అటూ ఇటూ మిగులుతుంది. మంచి ధర కోసం కొందరు నిజామాబాద్ యార్డుకు వెళ్లకుండా మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీ కట్టుకుని పోతారు. ఇంత చేసినా ధర పడిపోతే పెట్టుబడి కూడా చేతికి రాదు. ఆ రైతుల పిల్లలే పొద్దున వరండాలో పుస్తకం చదివినవాళ్లు.

అమ్మమ్మ కట్ట మీద కూర్చుని మనవరాలితో అంది:

"నువ్వు ఎప్పుడొచ్చినా నాటేటప్పుడే వస్తవు బిడ్డా. తవ్వేటప్పుడు ఒక్కసారి రా. నాటింది ఎంతైందో చూస్తవు."

ఆగస్టులో అమ్మాయి కాలేజీకి వెళ్లిపోతుంది. ఆమె కూర్చోబెట్టి చదివించిన పిల్లల్లో ఎవరు ఎంత చదువుతున్నారో సంక్రాంతి నాటికి గానీ తేలదు. అమ్మమ్మ ఆ మాట పసుపు గురించే అన్నా, బడికి కూడా అదే లెక్క. "జనవరిలో సెలవులుంటాయి, వస్తా అమ్మమ్మా" అంది అమ్మాయి. అప్పటిదాకా వారానికోసారి వీడియో కాల్‌లో ఇద్దరేసి పిల్లల చదువు వింటానని హెడ్ మేడమ్‌తో ముందే మాట్లాడుకుందట. శనివారం మధ్యాహ్నం భోజనాల తరువాత అని వేళ కూడా ఖాయం చేసుకున్నారు. నాకు ఆ మాటతో కొండంత ధైర్యం వచ్చింది. నెలన్నర సేవ ఏడాది సేవగా మారడానికి కావలసింది ఒక ఫోను, ఒక వేళ, మాట మీద నిలబడటం.

తిరుగు ప్రయాణంలో, ఇలా రావాలనుకునే పిల్లలకూ వాళ్లను పంపే పెద్దలకూ చెప్పాల్సినవి వరుసగా రాసుకున్నాను. వాటిలో కొన్ని చట్టానికి సంబంధించినవి. విదేశీ పౌరులు టూరిస్ట్ వీసా మీద వచ్చి, ఎలాంటి ప్రతిఫలం తీసుకోకుండా, గరిష్ఠంగా ఒక నెల దాకా స్వచ్ఛంద సేవ చేయవచ్చు. అంతకు మించితే వేరే వీసా చూసుకోవాలి. డబ్బు ఇచ్చే విషయంలో తేడా ఉంది. భారత పౌరుడిగానే ఉండి మస్కట్‌లో పనిచేస్తున్న మనిషి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఒక సంస్థకు ఇస్తే అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థే దాన్ని తీసుకోగలదు. ప్రేమతో పంపిన డాలర్లు ఊరి పెద్దలను చిక్కుల్లో పెట్టకూడదు.

తక్కినవి పద్ధతికి సంబంధించినవి. బడిలో అడుగుపెట్టే ముందు ప్రధానోపాధ్యాయుల, మండల విద్యాధికారి అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు ప్రతి సర్కారు బడికీ మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంది. బడిలో ఏం లోపించిందో ఆ తల్లులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్లను అడగాలి. కూలివాళ్లకు దక్కే పనిని ఉచితంగా చేసి వాళ్ల నోటి దగ్గరి కూడు తీయకూడదు. పిల్లల ముఖాలు ఫొటోలు తీసి లోకమంతా పంచకూడదు. ఒక్క వేసవిలో ఐదు ఊళ్లు తిరగడం కంటే ఒకే బడిలో ఉండటం మేలు. మొదలుపెట్టిన పనిని ఎవరికి అప్పగించి వెళ్తారో రాసి పెట్టాలి.

తల్లిదండ్రులకు నాదొక విన్నపం. మీ పిల్లలు సేవకు రావాలనుకోవడం గొప్ప సంగతి. వాళ్లను ఆపకండి, వెనక్కి లాగకండి. కాలేజీ దరఖాస్తులో రాసుకోవడానికి మాత్రం పంపకండి. రావడానికి ఆరు నెలల ముందు, అంటే జనవరిలోనే, ఆ బడి హెడ్‌మాస్టర్‌తో వాళ్లచేతే ఫోనులో మాట్లాడించండి. "మీకు ఏం కావాలి?" అని తెలుగులో అడగమనండి. తెలుగు చదవడం, రాయడం ఆలోపు నేర్పండి. వానాకాలంలో నాటడానికి వచ్చినవాళ్లు సంక్రాంతి తరువాత తవ్వేటప్పుడు మరోసారి రావాలని మాట తీసుకోండి. ఊళ్లలో ఉన్న పెద్దలకు కూడా ఒక మాట. అమెరికా నుంచి వచ్చారని పూలదండలు వేసి, ఫొటో దిగి పంపేయకండి. పని చెప్పండి. ఆర్మూర్ పక్కన ఆ హెడ్ మేడమ్ చెప్పినట్టు, మీ పిల్లలకు నిజంగా కరువైనది ఏమిటో నేరుగా, నిక్కచ్చిగా చెప్పండి. అడగగలిగిన ఊరికి వచ్చినవాళ్ల సేవే పిల్లలకు పనికొస్తుంది.